శాంపిల్ నెంబరు పదిహేడు

జూన్ నెల. చిత్తూరు బయట గుజ్జు ఫ్యాక్టరీ.
గేటు ముందర తోతాపురి ట్రాక్టర్లు
మురకంబట్టు దాకా బారు తీరి ఉండాయి.
నైట్ షిఫ్టు ల్యాబులో నేనొకదాన్నే,
వనమాలను, నలభైతొమ్మిదేళ్ళదాన్ని.
పదహారు శాంపిళ్ళు చూసేసినా.
పదిహేడోది నా హ్యాండుబ్యాగులోంచి తీసినా.

చిన్న సీసా.
నీళ్ళకన్నా చిక్కన, తేనెకన్నా పల్చన.
"ఏముందక్కా దీంట్లో?" అనడిగినాడు కొరియర్ పిల్లోడు.
"కందెన" అన్నా. అబద్ధం కాదు.
కుట్టుమిషనుకనుకోని పోయినాడు.

మా నాయన బండి ఇరుసుకు ఆముదం పట్టించేవోడు.
కీచుమంటే ఎద్దుది తప్పు కాదుమే, ఇరుసు ఎండింది, అనేవోడు.
ఈ రెండేళ్ళుగా నా ఒళ్ళూ అట్లే.
నెలనెలా వచ్చేది ఆగిపోయినాక
తప్పెవరిదని వెతకడం మానేసినా.

మీటరు ముంచితే నాలుగు పాయింట్ రెండు.
నవ్వొచ్చింది.
సాయంత్రం నుంచీ గుజ్జుకు ఇంచుమించు అదే అంకె రాస్తా ఉండా.
ఆడదాని లోపలి పులుపూ దగ్గర దగ్గర అంతేనని
డాక్టరమ్మ చెప్తే నమ్మలేదప్పుడు.
ఇరవై ఆరేళ్ళు కాయల పులుపు కొలిచినా,
నా పులుపు ఎంతని ఒక్కనాడూ అడగలేదు.

పోయిన నెల కొన్న సీసా వేరే.
స్ట్రాబెర్రీ వాసన, జాంగ్రీ పాకమంత గ్లిజరిన్.
మూడు రోజులు మంట.
ఉప్పేస్తే మామిడి ముక్క నీళ్ళొదలదా?
మితిమీరిన పాకమూ చర్మంలో తడిని అట్లే లాగేస్తాది.
ఏటా ఆవకాయ పెట్టేదాన్ని,
నాకే తట్టలేదు.

నా పెట్టెలో ఉండేది సిలికాన్ బొమ్మ.
మొదట సిలికాన్ కందెనే కొనబోయినా,
సగం రాత్రయినా ఆరదంట.
అంతలో ఫిట్టరు మొగిలయ్య గుర్తొచ్చినాడు.
పైపులో సిలికాన్ గాస్కెట్టుకు
సిలికాన్ గ్రీజే పూసి బిగించినాడొకసారి.
వారం తిరక్కుండా ఉబ్బి, జిడ్డుదేరి, ఊడొచ్చింది.
ఒకే జాతి కదా అని కలిపితే
ఒకదాన్నొకటి తినేసినాయి.

గాజుకు, స్టీలుకు ఈ గొడవ లేదు,
ఏది పూసినా కడిగితే పోతాది.
చవగ్గా వచ్చే జెల్లీ రబ్బరుదే భయం.
పైకి నున్నగా ఉంటాది, ఒళ్ళంతా కంటికానని బొక్కలు.
ఎంత సబ్బు రుద్దినా లోపల ఏం మిగిలిందో చెప్పలేం.
నాకొకటుండె. చెత్తబండికి వేసేసినా,
నల్ల కవర్లో, నాలుగు ముళ్ళేసి.

తెల్లారుజామున టెంకల లైన్లోంచి దేవసేన వచ్చింది.
సీసా బల్లమీదే ఉంది. దాచలేదు.
చదివింది. గొంతు తగ్గించింది.
"మేం కొబ్బరినూనె వాడతామక్కా.
తొడుగు రెండుసార్లు చినిగిపోయింది.
నాసిరకమని ఆయన అంగడోడితో కొట్లాడొచ్చినాడు."

అంగడోడిది కాదుమే తప్పు, అన్నా.
నూనె తగిలితే ఆ రబ్బరు నీరసిస్తాది.
నీళ్ళతో చేసింది తీసుకో,
తొడుగుతోనూ బొమ్మతోనూ దానికి పేచీ లేదు.
తొందరగా ఆరతాది, నిజమే,
ఆరితే రెండు చుక్కల నీళ్ళు తగిలించు.
ముందు మోచేతి మడతలో పూసి ఒక రోజు ఆగు.

జీతం చీటీ వెనకాల రాసుకునింది.
ఆగి, "అంగట్లో ఏమని అడగాలక్కా?"
"కందెన అను."
"మెడికల్ షాపోడికి అంత తెలుగు రాదు."

ఇద్దరం నవ్వితే బీకర్లు అదిరినాయి.
బయట ట్రాక్టరొకటి స్టార్టయింది.

రిజిస్టరు తెరిచినా.
పదిహేడు: రంగు లేదు. వాసన లేదు. తీపి లేదు.
రాసేది పెన్సిల్తోనే.
పగటి షిఫ్టుకు మళ్ళీ పదిహేడొస్తాదని తెలుసు,
తుడిపేయాల.
ఒక్క మాట మాత్రం పెన్నుతో పడిపోయింది:
పాస్.